నేల కింద నీళ్ళు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమునకు తరువాత, భోజనములకు ముందు మాట్లాడవలసి రావడము ఎంత కష్టమో ఈ వేదిక ఎక్కినవారికి అందరికీ తెలుసును. వంటశాలలో నుంచి పులిహోర వాసన వస్తున్నది. పిల్లలు అప్పుడే అటు చూస్తున్నారు. కనుక వీలయినంత క్లుప్తముగా ముగిస్తామని ముందే మాట ఇస్తున్నాము.

సిద్ధాంతిగారు ఇప్పుడే ఈ సంవత్సరపు వాన లెక్క చదివినారు. సముద్రములో ఇన్ని భాగాలు, కొండల మీద ఇన్ని భాగాలు, భూమి మీద ఇన్ని భాగాలు అని చెప్పినారు. వింటూ వుంటే మాకు ఒక ఆలోచన కలిగినది. భూమి మీద పడిన ఆ భాగములో భూమి లోపలికి ఎంత పోతుంది? అక్కడ ఏమి చేస్తుంది? ఆ లెక్క పంచాంగములో వుండదు. దానిని మనమే చూసుకోవలె. చూసుకోకపోతే ఏమవుతుందో మా ఇంటి అనుభవమే వున్నది. అది కూడ దాచకుండా మనవి చేస్తాము.

ముందు వంటింటి నుంచి మొదలుపెడదాము. ఈ చెన్నపట్నములో కాస్త పాత ఇళ్ళు అన్నిటిలోను వంటగట్టు మీద, గోడ అరలలోను నల్లని బండలు వుంటవి. ఇక్కడి తమిళ సోదరులు దానిని ‘కడప్పా కల్లు’ అంటారు. మనము వలస వచ్చినట్టే ఆ రాయి కూడ మన సీమ నుంచి వలస వచ్చినదే. కడపలోను, బేతంచెర్లలోను, కోయిలకుంట్లలోను మనవారు నాపరాయి అనేది ఈ జాతినే. ఈ ఉదయము పచ్చడి కలిపేటప్పుడు చింతపండు పులుసు ఆ గట్టు మీద ఒలికి, వెంటనే తుడవకపోయి వుంటే, ఇంటికి వెళ్ళి చూడండి. అక్కడ తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఎంత తోమినా పోదు. ఏమంటే, అది అంటుకున్న మరక కాదు. అంతమేర రాయి కరిగిపోయినదన్నమాట. నాపరాయి సున్నపురాయి. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది. ఈనాటి ప్రసంగము అంతా ఈ ఒక్క మచ్చలోనే వున్నది.

వాననీరు కూడ కొంచెము పులుపే. ఆకాశములో నుంచి పడుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుంటుంది. మట్టిలో దిగేటప్పుడు, వేళ్ళు, కుళ్ళిన ఆకులు విడిచే అదే వాయువును మరింత కలుపుకుంటుంది. ఆ పులుపు నాలుకకు తెలియదు గాని రాతికి తెలుస్తుంది. రాతిలో సన్నని పగులు వుంటే చాలును. వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు ఆ పగులు వెంట నీరు దిగుతూ రాతిని కరగదీస్తుంది. పగులు సందు అవుతుంది, సందు సొరంగము అవుతుంది, సొరంగము గుహ అవుతుంది. ఆ గుహ పైకప్పు ఎప్పుడో ఒకనాడు బలము చాలక కూలితే నేల మీద గుండ్రని గొయ్యి పడుతుంది. ఆ గొయ్యి భూగర్భ జల మట్టము వరకు దిగితే అందులో నీరు నిలుస్తుంది. ఎవరూ తవ్వకుండ ప్రకృతి తవ్విన బావి అది.

ఇటువంటి బావులకు లోకములో పేరుపడిన చోటు మెక్సికో దేశములోని యుకటాన్ ద్వీపకల్పము. దాని ఉత్తర భాగమంతా సున్నపురాతి పలక. అక్కడ వానలు కురుస్తవి గాని నేల మీద నదులు లేవు. పడిన నీరు పడినట్టే రాతిలోకి దిగి, కిందనే ప్రవహిస్తుంది. అక్కడ పూర్వము నాగరికత కట్టిన మాయా జాతివారు ఈ గుండాల పక్కనే ఊళ్ళు కట్టుకున్నారు. వారి మాట ‘జొనోత్’. దానినే స్పెయిన్‌వారు ‘సెనోటే’ అని పలికినారు. చిచెన్ ఇట్జా నగరములోని పవిత్ర గుండము సుమారు 60 మీటర్ల వెడల్పు వుంటుంది. వాన దేవునికి మొక్కులు చెల్లించి కానుకలు అందులో వేసేవారు. కొన్ని నీటి గుహలలో ఈతగాండ్రు లోతుకు దిగి చూస్తే, పైకప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభాలు నీటి అడుగున కనిపించినవి. అవి గాలిలో బొట్టు బొట్టుగా నీరు కారితేనే ఏర్పడేవి. కనుక ఒకప్పుడు, మంచుయుగములో సముద్రమట్టము దిగివున్న కాలములో, ఆ గుహలు పొడిగా వుండేవని తేలినది. 2018లో అక్కడ రెండు నీటి గుహలకు సంధి కనుగొన్నారు. రెండూ కలిపి లెక్కిస్తే 300 కిలోమీటర్లు దాటిన సొరంగమార్గము అయినది. ఇంకొక వింత. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రిందట ఒక పెద్ద గ్రహశకలము అక్కడ పడి చేసిన గొయ్యి ఈనాడు భూమి లోపల కప్పబడి వున్నది. దాని అంచు వెంబడే ఈ నీటి గుండాలు అర్ధచంద్రాకారముగా బారులు తీరి వున్నవి.

అంత దూరము ఎందుకని మీరు అడగవచ్చును. దగ్గరకే వద్దాము. ఈ చెన్నపట్నము కింద సున్నపురాయి లేదు. ఇక్కడ ఇసుక, బంకమట్టి, వాటి అడుగున గట్టి రాయి. కాని మన కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలోను, పల్నాటిలోను విశాలమైన సున్నపురాతి భూములు వున్నవి. అవి గవ్వ కట్టుకునే ప్రాణులు పుట్టకముందటి సముద్రపు అడుగున పేరిన రాళ్ళు. ఆ ప్రాంతపు మన పెద్దలు భూగర్భ శాస్త్రము చదవలేదు గాని నేల గుణము వారికి తెలుసును. వారి మాటలే చూడండి. నేలలోంచి ఉబికివచ్చే ఊటకు ‘బుగ్గ’ అన్నారు. కడప పక్కన బుగ్గవంక, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు ఆ పేరు మోస్తున్నవారే. నిలిచిన నీటికి ‘గుండము’, చీకటి దారికి ‘బిలము’. బెలుము అనే ఊరి పేరు బిలము నుంచే వచ్చినదంటారు.

ఆ బెలుము గుహలు మీలో చాలామంది చూసే వుంటారు. 3,229 మీటర్ల మేర కొలిచిన గుహలవి. పైన చూస్తే మామూలు చేను, బల్లపరుపు నేల. మూడు గోతులు మాత్రము కనిపిస్తవి. ఆ గోతులు పైకప్పు కూలిన చోట్లే. మెట్లు దిగి లోపలికి పోతే లోకమే వేరు. అన్నిటికంటె లోతున పాతాళగంగ అనే సన్నని నీటిధార వున్నది. రాతి సందులోంచి వచ్చి రాతి సందులోకే మాయమవుతుంది. 1982, 1983 సంవత్సరాలలో జర్మనీ దేశపు గుహాన్వేషకులు వచ్చి ఈ గుహలను సాకల్యముగా కొలిచినారు. 2002లో ప్రజల సందర్శనకు తెరిచినారు.

బేతంచెర్ల దగ్గర బిల్లసొర్గము అని మరి కొన్ని గుహలున్నవి.  అక్కడ పెద్ద గుహ పైకప్పు పూర్తిగా కూలిపోయి, లోతైన కనుమ వలె ఆకాశమునకు తెరుచుకున్నది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, సైన్యములో పనిచేసే తన కుమారుడు హెన్రీతో కలిసి, 1884-85 ప్రాంతములో అక్కడ తవ్వకాలు జరిపించినారు. అంతరించిపోయిన జంతువుల ఎముకలు దొరికినవి. అందులో ఒక ఖడ్గమృగమునకు శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టినారు. ఈ ఫుట్‌గారు మన చెన్నపట్నమునకు కూడ పరిచితులే. 1863 మే 30వ తేదీన ఇక్కడి పల్లావరములో ఆదిమానవుని రాతి పనిముట్టు ఏరి, ఈ దేశపు పూర్వచరిత్రకు తలుపు తీసినవారు ఆయనే. ఆయన జీవితకాలము కూర్చిన సేకరణను 1904లో ఎగ్మూరు మ్యూజియము కొన్నది. సెలవురోజున పిల్లలను సినిమాకే గాక అక్కడికి కూడ ఒకసారి తీసుకొనిపొండని కోరుతున్నాము.

నీరు నిండిన బిలము చూడదలచినవారు పల్నాడులోని గుత్తికొండకు పోవలె. పిడుగురాళ్ళకు చేరువలోనిది. చీకటి సొరంగాలలో నీటి మడుగులు వుంటవి. తొలి ఏకాదశికి జనము దివిటీలు, దీపాలు పట్టుకొని వెళ్ళి స్నానాలు చేస్తారు. ముచికుందుడు కాలయవనుని కంటిచూపుతో భస్మము చేసిన చోటు అదేనని ఐతిహ్యము. యాగంటిలో కొండలోంచి వచ్చే ధార నంది నోట పుష్కరిణిలో పడుతూనే వుంటుంది. నల్లమల పాదాన మహానందిలో, అయిదడుగుల లోతున గుండుసూది పడినా కనిపిస్తుందనే తేటనీరు పారి చేలను తడుపుతుంది. మన పెద్దలు నీరు పుట్టే చోట దేవుణ్ణి నిలిపినారు. దేవుడు వున్న చోట చెత్త వేయరు, ఉమ్మి వేయరు. ఇంతకంటె మంచి చట్టము మరొకటి కనిపించదు.

ఇంతవరకు చెప్పినది వినోదము. ఇక విచారము చెప్పవలె.

2015 నవంబరు మాసము మీకు జ్ఞాపకము వుండే వుంటుంది. ఆ ఈశాన్య ఋతుపవనములోనే, డిసెంబరు మొదటి రోజులలో, అడయారు పొంగి ఈ నగరము మునిగినది. మనలో కొందరు మేడల మీద రాత్రులు గడిపినవారే. అదే వానలు కడప జిల్లాలో కూడ కుంభవృష్టిగా కురిసినవి. అక్కడ చింతకొమ్మదిన్నె మండలములో వరద కంటె భయంకరమైన విషయము జరిగినది. ఉన్నట్టుండి చేలలోను, ఇళ్ళ దాపున కూడ నేల గుండ్రముగా కుంగి గోతులు పడినవి. రాత్రి నిద్రపోవడానికి జనము భయపడినారు. భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షించినారు.

కారణము అర్థము చేసుకోవడము కష్టము కాదు. నూతిలో నీళ్ళు తోడిన ప్రతి ఇల్లాలికి తెలుసును: బిందె నీటిలో మునిగివున్నంతసేపు తేలికగా వుంటుంది, నీటి మట్టము దాటి పైకి రాగానే చేయి బరువెక్కుతుంది. సున్నపురాతి బొరియల మీద పరుచుకున్న మట్టి కప్పుకు కూడ కింది నీరు అటువంటి ఆసరాయే. వరుస కరువులలో బోర్లు దించి ఆ నీరంతా తోడివేస్తే కప్పు కింద ఆసరా పోతుంది. తరువాత ఒక్కసారి పెద్దవాన పడితే, మట్టి తడిసి బరువెక్కి, నీటితో కూడ బొరియలలోకి జారిపోతుంది. పైన గొయ్యి పడుతుంది. బొరియ చేసినది లక్షల ఏళ్ళ వాన. దానిని ఖాళీ చేసినది ఇరవై ముప్పై ఏళ్ళ మన మోటార్లు.

ఇక మా ఇంటి సంగతి. మా ఊరు కోయిలకుంట్ల ప్రాంతము. మా తాతగారి నాటి దిగుడుబావి ఒకటి వున్నది. నాపరాతిలో తొలిచినది. అడుగున చేయి పట్టేటంత పగులు. అందులోంచి చల్లని ఊట. మా అవ్వ ఆ బావిలో చెప్పులతో దిగనిచ్చేది కాదు. “ఆ నీళ్ళు మనవి కావురా, ఎవరి చేను కిందనుంచో వస్తున్నాయి, ఎవరి చేను కిందికో పోతాయి” అనేది. ముసలమ్మ చాదస్తమని మేము నవ్వుకునేవారము.

మేము ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడినాము. వ్యవసాయము తమ్మునికి వదిలినాము. కరువు ఏళ్ళలో అతను ఫోను చేసి, “అన్నా, బావి అడుగంటింది, బోరు వేస్తాను” అన్నాడు. మేము ఇక్కడ నుంచి డబ్బు పంపినాము. వూరికి మేలు చేస్తున్నామనే గర్వము కూడ మాకు లేకపోలేదు. మొదటి బోరు రెండేళ్ళు పోసినది. పక్కచేనువారు మరింత లోతుకు వేసినారు. మేము ఇంకొకటికి డబ్బు పంపినాము. వారు ఇంకొకటి వేసినారు. మొత్తము మీద అందరమూ ఒకే కుండలోకి గొట్టాలు దించి, ఎవరి గొట్టము పొడుగు అని పోటీ పడినామని అప్పుడు తోచలేదు.

ఆ 2015 వానలకు మా బావికి నలభై గజాల దూరములో చేను కుంగినది. ఎద్దులబండి పట్టేటంత గొయ్యి. మనిషికి, పశువుకు ఏమీ కాలేదు, అంతే మా అదృష్టము. తమ్ముడు ఏమి చేయమంటావని అడిగినాడు. మేము ఇక్కడ కుర్చీలో కూర్చొని, “ఊళ్ళో చెత్త, పడిపోయిన గోడల మట్టి, ఏది దొరికితే అది పోసి పూడ్చెయ్యి” అన్నాము. పెద్దవాడి మాట కదా, అతడు అట్లాగే చేసినాడు. కోళ్ళఫారము చెత్త కూడ రెండు ట్రాక్టర్లు పోసినారట.

మరుసటి వానలకు గొయ్యి మళ్ళీ కుంగినది. అంతేకాక దిగువన వున్న మూడు ఇళ్ళ బోరునీరు రంగు మారి వాసన కొట్టినది. ఆ ఇళ్ళలో ఒకదానిలో చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకొని ఆసుపత్రికి తీసుకొనిపోవలసి వచ్చినది. పిల్లలు బ్రతికి బట్టకట్టినారు. ఆ ఇంటి పెద్దాయన మా తమ్ముని మీద కేకలు వేయలేదు. “మీ అవ్వ వుంటే ఈ పని చేయనిచ్చేది కాదు” అని మాత్రము అన్నాడట. ఆ మాట ఫోనులో విన్ననాడు మాకు అన్నము సయించలేదు.

ఇసుకనేలలో నీరు మెల్లగా వడకట్టబడుతూ దిగుతుంది. సున్నపురాతి బొరియలలో వడపోత లేదు. ఇక్కడ పోసినది పోసినట్టే అక్కడ తేలుతుంది. అటువంటి గొయ్యి చెత్తకుండీ కాదు, అందరి మంచినీళ్ళ కుండ మూతి. ఇది మేము పుస్తకములో చదివి నేర్చుకోలేదు. పొరుగువారి పిల్లల మీద నేర్చుకున్నాము.

తరువాత సెలవు పెట్టి ఊరికి పోయినాము. తెలిసినవారిని అడిగి, వేసిన చెత్త అంతా పైకి తీయించినాము. అడుగున గొయ్యి గొంతుకు అడ్డుపడే పెద్ద బండలు, వాటి మీద చిన్నరాళ్ళు, వాటి మీద కంకర, ఆపైన ఇసుక, చివరకు బంకమట్టి దిమ్మిస కొట్టించినాము. ఇట్లా చేస్తే నీరు వడగడుతుంది, మట్టి మాత్రము జారిపోదు. వానకాలువ అటు పారకుండ చుట్టూ కట్ట పోయించినాము. ఖర్చు బోరు ఖర్చుకంటె తక్కువే అయినది. రెండవ బోరు మూయించి, పక్కచేనువారితో మాట్లాడి, వరి మాని ఆరుతడి పంటలు వేసుకోవడానికి ఇరువురమూ ఒప్పుకున్నాము. ఆ ఒప్పందము ప్రతి ఏడూ సాగినదని చెప్పలేము. ధర బాగున్న ఏడు మనసు వరి మీదికే పోతుంది. అయినా మొన్న సంక్రాంతికి పోయినప్పుడు దిగుడుబావిలో నాలుగు మెట్ల మేర నీరు వున్నది. చెప్పులు విడిచి దిగినాము.

ఇందులో చెన్నపట్నపు తెలుగువారికి ఏమి పని అని అడుగుతారేమో. చాలా పని వున్నది. 1983లో కుదిరిన ఒప్పందము ప్రకారము తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణానీరు ఈ నగరమునకు వస్తున్నది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తలా 5 టి.ఎం.సి.లు వదిలిన నీరు అది. శ్రీశైలము నుంచి వెలుగోడు, బ్రహ్మంగారిమఠము, సోమశిల, కండలేరు మీదుగా పూండి చేరుతుంది. 1996లో మొదటిసారి ఆ నీరు తమిళనాడు సరిహద్దు దాటినది. నంద్యాల, కడప జిల్లాలలోని చేల పక్కనుంచి పారి, ఆ చేలలో బోర్లు ఎండుతూ వుండగా, మన కుళాయిలోకి వస్తున్నది. ఆ నీళ్ళు తాగుతున్న మనకు ఆ నేల బాగోగులు అడిగే బాధ్యత వుండదా?

ఇక్కడ కూడ మనకు నీటి విలువ నేర్పిన ఏళ్ళు వున్నవి. 2003 నాటికి ఇంటింటికి వాననీటి గుంట తప్పనిసరి అని తమిళనాడు ప్రభుత్వము శాసించినది. ఆ గుంటలు సరిగా పెట్టుకున్న వీధులలో బావులు కోలుకోవడము మనలో పెద్దవారు చూసినదే. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలుమీద నీళ్ళు తెచ్చుకున్నాము. అప్పుడు ఒక బిందె నీళ్ళకోసము తెల్లవారుజామున వరుసలో నిలుచున్న మనము, రెండు మంచి వానలు పడగానే మరిచిపోయినాము.

కాబట్టి మా మనవి మూడు మాటలు. మన ఇంటి వాననీటి గుంట పూడిపోయి వున్నదేమో ఈ వేసవిలోనే చూసుకొని, ఇసుక, కంకర మార్చుకుందాము. ఊరిలో వున్న అన్నదమ్ములు బోరుకు డబ్బు అడిగితే, పంపే ముందు పక్కచేనువారితో మాట్లాడినారా అని అడుగుదాము. సొంతవూరిలో నేల కుంగిన గొయ్యి గాని, పాడుపడిన బావి గాని వుంటే, దానిలో చెత్త పడకుండ చూడడానికి మనము పంపే డబ్బులో కొంత కేటాయిద్దాము. గుడికి రంగు వేయించడానికి చందాలు పంపుతున్నాము, సంతోషమే. గుడి పక్క కోనేటిలో పూడిక తీయించడము కూడ ఆ దేవుని పనే.

మా అవ్వ అక్షరము రానిది. “ఆ నీళ్ళు మనవి కావు” అన్న ఆమె మాట అర్థము కావడానికి మాకు అరవై ఏళ్ళు పట్టినది. మీ పిల్లలకు అంత కాలము పట్టకుండ వుండవలెనని ఈ నాలుగు మాటలు చెప్పినాము. వచ్చే వేసవి సెలవులలో వారిని ఊరికి తీసుకొనిపోయి, మీ బావి దగ్గర నిలబెట్టి, నీరు ఎన్ని మెట్లు వున్నదో లెక్కపెట్టించండి.

ఇక మిమ్ములను నిలిపివుంచడము న్యాయము కాదు. పులిహోర చల్లారుతున్నది.